ఒక నవలిక, పలువురు చదువరులు

1936వ సంవత్సరంలో, కాలిఫోర్నియాలో ఒక రచయిత ఇంట చిన్న ఉత్పాతం జరిగింది. రాత్రివేళ ఒంటరిగా విడిచిన వేటజాతి కుక్కపిల్ల, పేరు టోబీ, ఆయన వ్రాసుకున్న కాగితాలలో ఇంచుమించు సగభాగం చీల్చి చెండాడింది. రెండు నెలల శ్రమ మట్టిలో కలిసింది. వేరే ప్రతి లేదు. రచయితకు కోపం రాకపోలేదు. అయినా, పాపం ఆ కుక్కపిల్ల విమర్శకుని దృష్టితోనే ఆ పని చేసి ఉండవచ్చునని, తన ప్రచురణ వ్యవహారాలు చూచే ఆమెకు జాబు వ్రాసి, మళ్ళీ మొదటి నుండి వ్రాయడానికి కూర్చున్నాడు. ఆ రచయిత జాన్ స్టైన్‌బెక్. అలా తిరిగి వ్రాసిన పుస్తకం 1937 ఫిబ్రవరిలో "ఆఫ్ మైస్ అండ్ మెన్" అనే పేరుతో వెలువడింది. ఎలుకలూ మనుషులూ అని ఆ పేరును మనం చెప్పుకోవచ్చు.

టోబీని ఈ గ్రంథానికి తొలి చదువరిగా ఎంచితే, దాని వెనుక వచ్చిన చదువరులు కూడా తీర్పులో మెత్తనివారు కారు. ఒక్క పూటలో చదివి ముగించగల చిన్న పుస్తకమిది. ఇది స్నేహానికి పట్టిన హారతి అని కన్నీరు పెట్టినవారున్నారు. హత్యను స్నేహమని నమ్మించే నేర్పరితనం అని విసుగుకొన్నవారున్నారు. బడిలో చెప్పి తీరవలసిన పాఠమన్న ఉపాధ్యాయులున్నారు. బడి గడప త్రొక్కనీయరాదన్న తల్లిదండ్రులున్నారు. చివరకు, ఒక ఖైదీ ప్రాణం తీయవచ్చునా కూడదా అన్న మీమాంసలో న్యాయమూర్తులు సయితం ఈ నవలికలోని పాత్రను సాక్ష్యంవలె తలచుకొన్నారు. ఇంత చిన్న పుస్తకం చుట్టూ ఇన్ని తీర్పులు ఎందుకు మూగాయో విచారింపదగిన విషయమే.

కథ తెలియనివారి కొరకు రెండు మాటలు చెప్పక తప్పదు. జార్జి, లెనీ అనే ఇరువురు కూలీలు. జార్జి పొట్టివాడు, చురుకైనవాడు. లెనీ ఏనుగంత మనిషి. బుద్ధి మాత్రం చిన్నపిల్లవానిది. మెత్తగా ఉన్నది ఏది కనబడినా నిమరకుండా ఉండలేడు. నిమిరే చేతిలోని బలం ఎంతో అతనికి తెలియదు. జేబులో చచ్చిన ఎలుకను పెట్టుకొని తిరుగుతూ ఉంటాడు. వీడ్ అనే ఊళ్ళో ఒక అమ్మాయి గౌను మెత్తగా ఉన్నదని పట్టుకొని, ఆమె కేకలు పెడితే భయపడి మరింత గట్టిగా పట్టుకొన్నందున, ఆ ఊరి నుండి ఇద్దరూ ప్రాణాలు దక్కించుకొని పారిపోయి వచ్చారు. సొలెడాడ్ పట్టణానికి దక్షిణాన సాలినాస్ నది మడుగు ఒడ్డున, ఒక గురువారం సాయంకాలం కథ మొదలవుతుంది. బస్సు నడిపేవాడు నాలుగు మైళ్ళ ముందే దింపివేయగా ఎండలో నడిచి వచ్చి, ఆ రాత్రి అక్కడ పడుకొంటారు. మరునాడు బార్లీ పొలంలో పనికి చేరాలి. జీతం నెలకు 50 డాలర్లు, తిండి, పడక.

వారికి ఒక కల ఉన్నది. పది ఎకరాల నేల, చిన్న ఇల్లు, ఆవు, కోళ్ళు, లెనీ మేపడానికి కుందేళ్ళు. ఈ కలను జార్జి చెప్పాలి, లెనీ వినాలి. ఎన్నిసార్లు చెప్పినదైనా లెనీకి అది కొత్తగానే ఉంటుంది. మధ్యలో అందుకొని తాను కూడా చెబుతాడు. పొలంలో వారికి ముసలి కాండీ తోడవుతాడు. యంత్రంలో చెయ్యి పోగొట్టుకొన్నందుకు యజమాని ఇచ్చిన 250 డాలర్లు, దాచుకొన్న 50, నెలాఖరుకు రాబోయే 50, వెరసి 350 డాలర్లు అతని దగ్గర ఉన్నాయి. జార్జికి తెలిసిన ఆ నేల ఖరీదు 600. కల ఒక్కసారిగా లెక్కలోనికి వచ్చి కూర్చుంటుంది. ఆదివారం మధ్యాహ్నం ఆ లెక్క తలక్రిందులవుతుంది. యజమాని కొడుకు కర్లీ భార్య, గడ్డికొట్టంలో ఒంటరిగా ఉన్న లెనీని తన జుట్టు ఎంత మెత్తగా ఉన్నదో చూడమంటుంది. ఆ చెయ్యి వదలదు. ఆమె కేక పెడుతుంది. లెనీ భయంతో ఊపేస్తాడు. ఆమె మెడ విరుగుతుంది. కర్లీ తుపాకి తీసుకొని మనుషులతో వెదకడానికి బయలుదేరుతాడు. లెనీ ఎక్కడ దాగి ఉంటాడో జార్జికి ఒక్కనికే తెలుసు. అదే మడుగు ఒడ్డున, ఆ పది ఎకరాల కథ చివరిసారి చెబుతూ, ఏటికి ఆవలివైపు చూడమని, వెనుక నుండి జార్జి పిస్తోలు పేలుస్తాడు.

ఇంతే కథ. మూడు పగళ్ళు కూడా పట్టలేదు.

స్టైన్‌బెక్‌కు ఈ మనుషులు పుస్తకాలలో దొరకలేదు. 1902లో సాలినాస్ పట్టణంలో పుట్టి, పడుచుతనంలో చక్కెర కంపెనీ పొలాలలో కూలీలతో కలిసి పనిచేసినవాడు. 1936 అక్టోబరులో శాన్ ఫ్రాన్సిస్కో న్యూస్ పత్రిక కొరకు వలస కూలీల శిబిరాలు తిరిగి వ్యాసాలు వ్రాసినవాడు. ఆ అనుభవమే తరువాత 1939లో "ది గ్రేప్స్ ఆఫ్ రాత్" అనే పెద్ద నవల అయినది. ఆయనకు 1962లో నోబెల్ బహుమతి వచ్చింది. అయితే ఎంతమంది చదువరులు ఆ పెద్ద నవల చేత పట్టి సగంలో విడిచారో గాని, ఈ చిన్నదానిని మొదలుపెట్టి సగంలో విడిచినవారు అరుదు.

పుస్తకానికి మొదట అనుకొన్న పేరు వేరు. "జరిగిన ఒక సంగతి" అన్న అర్థం వచ్చే పేరు అది. తరువాత స్కాట్లండు కవి రాబర్ట్ బర్న్స్ 1785లో, నాగటి చాలుకు చితికిన ఎలుక గూటిని చూచి వ్రాసిన పద్యం నుండి ఇప్పటి పేరు తీసుకొన్నాడు. పేరు మారినా పాత పేరులోని వైఖరి మారలేదు. జరిగినది ఇది అని చెప్పడమే తన పని. ఎవరిది తప్పు, ఎవరిది ఒప్పు అన్నది తన పని కాదు. నాటకంవలె ఆడదగిన నవలను వ్రాయాలని ఆయన బుద్ధిపూర్వకంగా చేసిన ప్రయత్నమిది. ప్రతి ప్రకరణం ఒకే చోట జరుగుతుంది: మడుగు, కూలీలు పడుకొనే సావిడి, జీనులు దాచే గది, గడ్డికొట్టం, తిరిగి మడుగు. తలుపు తెరుచుకొంటుంది, మనుషులు వస్తారు, మాట్లాడుతారు, పోతారు. ముఖంలో ఏమి కనబడినదో చెబుతాడు గాని మనసులో ఏమున్నదో రచయిత చెప్పడు. జార్జి బల్ల దగ్గర కూర్చొని పేకముక్కలు పరచుకొని ఒంటరి ఆట ఆడుతూ ఉంటాడు. ఆ ఆట ఆడే మనిషి ఏమి ఆలోచిస్తున్నాడో మనమే ఊహించుకోవాలి. చివరి ప్రకరణంలో లెనీ కళ్ళ ముందు చచ్చిపోయిన పిన్నమ్మ క్లారా, ఒక బ్రహ్మాండమైన కుందేలు ప్రత్యక్షమై అతన్ని చీవాట్లు పెడతాయి. పుస్తకమంతటిలో ఒక మనిషి తలలోనికి మనం తొంగిచూచే చోటు అదొక్కటే. కథ మొత్తంలో అతకని చోటు కూడా అదే అనిపిస్తుంది.

ఈ మౌనమే తగవులన్నిటికీ మూలం. మనసు తెరచి చూపని రచయిత, ఆ పనిని చదువరికి అప్పగించాడు. చదువరులు తమ మనసులోనిదే అక్కడ చూచి, చూచినది జార్జిదే అన్నారు.

పుస్తకం వెలువడకముందే ఒక పెద్ద పుస్తక సంఘం దానిని ఎంపిక చేసినందున వేలకొలది ఇళ్ళకు ఒకేసారి చేరింది. విమర్శకులందరూ మెచ్చలేదు. నేషన్ పత్రికలో మార్క్ వాన్ డోరెన్ కఠినంగా వ్రాశాడు. ఇందులోని మనుషులు మనుషుల స్థాయికి ఎదగలేదని ఆయన అభిప్రాయం. కొంతకాలం తరువాత ఎడ్మండ్ విల్సన్ ఇదే అభ్యంతరాన్ని మరింత లోతుగా చెప్పాడు: స్టైన్‌బెక్ మనుషులను జంతువుల భాషలో చూస్తాడని. ఆ మాటలో నిజం ఉన్నది. లెనీ నీళ్ళు త్రాగేది గుర్రంవలె, చేతులు ఆడించేది ఎలుగుబంటి పంజాలవలె. కాని ఆ పొలంలో జంతువులను చూచినట్లు మనుషులను చూస్తున్నది ఎవరు? ముసలి కుక్కను, ముసలి పాకీవానిని, గూనివాడైన గుర్రపు కాపరిని ఒకే తక్కెడలో తూచేది యజమానుల లోకం. ఆ తక్కెడను చూపినవానిని, అది తయారు చేసినవానిగా పొరబడటం విమర్శకులకు తగని పని.

నాటకశాలకు వచ్చినవారు మరొక విధంగా స్పందించారు. 1937 నవంబరు 23న న్యూయార్కులోని మ్యూజిక్ బాక్స్ రంగశాలలో జార్జి కాఫ్‌మన్ దర్శకత్వాన నాటకం మొదలై 207 ప్రదర్శనలు జరిగింది. 1938లో న్యూయార్కు నాటక విమర్శకుల బహుమతి పొందింది. 1939లో లూయీ మైల్‌స్టోన్ దానిని చలనచిత్రంగా తీశాడు; 1992లో మరొక చిత్రం వచ్చింది. ఈ నాటక ప్రదర్శనకు సంబంధించిన ఒక చిన్న సంగతి, పెద్ద పెద్ద విమర్శల కంటే ఎక్కువ వెలుగునిస్తుంది. కర్లీ భార్యగా నటించిన క్లేర్ లూస్‌కు ఆ పాత్ర అంతుపట్టలేదు. ఆమెకు పుస్తకంలో పేరైనా లేదు. ఎర్రటి చెప్పులు వేసుకొని, భర్తను వెదకుతున్నానన్న మిషతో మగవారి సావిడి గుమ్మంలో నిలబడే స్త్రీగానే కూలీలు ఆమెను చూస్తారు. చాలామంది చదువరులూ అలాగే చూచారు, చెడిపోయిన ఆడది అని తేల్చివేశారు. 1938లో స్టైన్‌బెక్ స్వయంగా ఆ నటికి ఒక జాబు వ్రాశాడు. అనుమానాల మధ్య, పోట్లాటల మధ్య పెరిగిన పిల్ల అని, తనను మనిషిగా చూచి శ్రద్ధగా మాట్లాడినవారు ఆమెకు ఎన్నడూ దొరకలేదని, పైకి కనబడే పొగరంతా ఆ ఒంటరితనం కప్పుకొన్న ముసుగని, ఆమెను నిజంగా తెలుసుకొన్నవారు ఆమెను ప్రేమించకుండా ఉండలేరని అందులోని భావం. అయితే రచయిత ఇంత జాలిపడిన స్త్రీకి ఒక్క పేరైనా ఎందుకు ఇవ్వలేదని ఈనాటి విద్యార్థినులు అడిగితే, ఆ ప్రశ్నకు జాబు ఆ జాబులో లేదు. చనిపోయిన తరువాత మాత్రం ఆమె ముఖంలోని కోరికలు, కపటాలు తొలగి, సరళంగా, పడుచుగా, అందంగా కనబడినదని వ్రాశాడు. చచ్చిన తరువాత గాని ఆమెను తిన్నగా చూచినవారు లేరు.

బడులలోని తగవు వేరొక పాత్రను ఆనుకొని ఉన్నది. గుర్రాలను చూచే క్రుక్స్ నల్లజాతివాడు. వెన్ను వంగినవాడు. తెల్లవారి సావిడిలోనికి అతనికి ప్రవేశం లేదు. జీనుల గదిలో ఒంటరిగా ఉంటాడు. అతని అల్మారాలో చిరిగి నలిగిన ఒక పుస్తకం ఉన్నది: 1905 నాటి కాలిఫోర్నియా పౌర న్యాయస్మృతి. స్టైన్‌బెక్ ఆ పుస్తకం పేరు చెప్పి ఊరుకొన్నాడు. దాని మీద ఉపన్యాసం ఇవ్వలేదు. శనివారం రాత్రి లెనీ, కాండీ ఆ గదిలోనికి రాగా, మొదట చులకనగా మాట్లాడిన క్రుక్స్ క్రమంగా మెత్తబడి, జీతం లేకుండానైనా ఆ పది ఎకరాలలో పనిచేస్తాను, నన్నూ చేర్చుకొంటారా అని అడుగుతాడు. అప్పుడే కర్లీ భార్య వచ్చి, తాను ఒక్క మాట చెబితే అతన్ని చెట్టుకు ఉరితీయించగలనని గుర్తుచేస్తుంది. న్యాయస్మృతి అల్మారాలోనే ఉన్నది. క్రుక్స్ ముడుచుకొని పోతాడు. వెళ్ళిపోతున్న కాండీని పిలిచి, ఇందాక వేళాకోళానికి అన్నానని చెబుతాడు. పుస్తకమంతటిలో ఇంతకంటే క్రూరమైన చోటు లేదు. తుపాకి పేలే చోటు కూడా దీని తరువాతనే.

అదే ప్రకరణంలోనూ, ఇతర చోట్లా, నల్లవారిని అవమానించే మాట పదే పదే వస్తుంది. తిట్లు, ఒట్లు, హింస సరేసరి. అందువలన అమెరికా గ్రంథాలయ సంఘం తయారుచేసిన, ఆక్షేపణలకు గురియైన పుస్తకాల పట్టికలలో ఇది 1990 నుండి 1999 వరకు 6వ స్థానంలోను, 2000 నుండి 2009 వరకు 5వ స్థానంలోను నిలిచింది. ఇంగ్లండులో చాలా ఏళ్ళపాటు పదహారేళ్ళ పిల్లలు పరీక్ష కొరకు చదివిన పుస్తకమిది. 2014లో, బ్రిటిష్ రచయితలకు ప్రాధాన్యమిచ్చే కొత్త పాఠ్యప్రణాళికలు వచ్చినప్పుడు పట్టికల నుండి జారిపోయింది. వేల్స్‌లో మరికొంత కాలం నిలిచి, 2025లో మొదలైన కొత్త ప్రణాళికలో చోటు కోల్పోయింది. అక్కడి బాలల కమిషనర్ లేవదీసిన ప్రశ్న తిట్లను గురించి కాదు. తరగతిలో ఆ మాటను పైకి చదువుతుంటే, నలుగురి మధ్య కూర్చున్న నల్లజాతి పిల్లవాని మనసు ఏమవుతుందన్నది.

ఈ ప్రశ్నను తేలికగా తీసివేయడం సాహిత్యాభిమానులకు అలవాటు. ఆనాటి మాట ఆనాటిది, రచయిత ఉద్దేశం మంచిది అని సమాధానం చెబుతారు. ఉద్దేశం మంచిదే. కాని మాట తగిలేది ఉద్దేశానికి కాదు, చెవికి. క్రుక్స్ గదిలోని న్యాయస్మృతిని గురించి ఒక గంట చెప్పగల ఉపాధ్యాయుడు ఈ పుస్తకం చెప్పవచ్చు. కేవలం ప్రశ్నలకు జవాబులు వ్రాయించే ఉపాధ్యాయుని చేతిలో ఇది గాయమే చేస్తుంది. పుస్తకాన్ని నిషేధించాలా వద్దా అన్న దానికంటే, ఎవరు ఎలా చెబుతారన్నది ఎక్కువ విలువైన ప్రశ్న. దానిని పరిష్కరించగల పట్టిక ఏ సంఘమూ తయారుచేయలేదు.

ఇక అసలు తగవు. జార్జి చేసినది స్నేహమా, హత్యా?

జార్జి పక్షం వహించేవారి వాదం బలమైనదే. కర్లీ లెనీని కడుపులో కాలుస్తానని ప్రతిజ్ఞ చేసి బయలుదేరాడు. ప్రాణంతో పట్టుబడినా పిచ్చాసుపత్రిలో, బోనులోని జంతువువలె బ్రతకాలి. పొలంలో అందరూ గౌరవించే స్లిమ్ కూడా అది మంచిది కాదంటాడు. తప్పించుకొన్నా, వీడ్‌లో జరిగినది, ఇక్కడ జరిగినది, మరొక చోట జరుగుతుంది. కనుక పరాయివాడు చంపే బదులు, భయం లేకుండా, కుందేళ్ళను చూస్తూ పోయేటట్లు చేయడమే ఆఖరి ఉపకారం. ఈ వాదం చేసేవారు తప్పకుండా కాండీ కుక్కను సాక్ష్యం తెస్తారు. కార్ల్‌సన్ అనే కూలీ, ముసలి కుక్క కంపు కొడుతున్నదని, దానికీ సుఖం లేదు నీకూ సుఖం లేదని చెప్పి, కాండీ చేత ఔననిపించి, బయటకు తీసుకొనిపోయి కాలుస్తాడు. సావిడిలో ఎవరూ మాట్లాడరు. పేకముక్కల చప్పుడు, నేల క్రింద ఎలుక కొరుకుతున్న చప్పుడు తప్ప. తరువాత కాండీ జార్జితో, నా కుక్కను నేనే కాల్చవలసింది, పరాయివానికి వదలకూడదు అని విచారిస్తాడు. జార్జి ఆ మాట విన్నాడు. లెనీని కాల్చినది కార్ల్‌సన్ పిస్తోలుతోనే. కుక్క తలలో ఏ చోట తగిలిందో ఆ చోటనే.

అయితే ఈ పోలికలో ఒక ఉచ్చు ఉన్నది. కాండీ విచారం ఎవరు కాల్చాలన్నదాన్ని గురించి గాని, కాల్చవచ్చునా అన్నదాన్ని గురించి కాదు. పనికిరానిదాన్ని తొలగించవచ్చునన్న కార్ల్‌సన్ న్యాయాన్ని ముసలివాడు అప్పటికే తలవంచి ఒప్పుకొన్నాడు. తనను కూడా ఇక్కడి నుండి వెళ్ళగొట్టే రోజున ఎవరైనా కాల్చివేస్తే బాగుండునని అతడే అంటాడు. పైగా లెనీ పనికిరానివాడు కాడు. బార్లీ బస్తాలు ఎత్తడంలో అతనితో సరితూగేవాడు లేడని స్లిమ్ స్వయంగా మెచ్చుకొన్నాడు. కనుక కుక్క కథను లెనీ మీద తెచ్చి అతికించిన చదువరి, తెలియకుండానే కార్ల్‌సన్ ప్రక్కన నిలబడుతున్నాడు. రెండవ పక్షంవారు అడిగేది ఇదే: లెనీని ఎవరైనా అడిగారా? గుహలోనికి పోయి ఒంటరిగా బ్రతుకుతానని అతడు కథ మొదట్లోనూ అన్నాడు, చివరా అన్నాడు. ఆ మాటను వేళాకోళంగా తీసుకొన్నవారే అందరూ.

ఇక్కడ రచయిత చెప్పిన ఒక సంగతి తెలిసి ఉండటం మంచిది. లెనీ కల్పిత పాత్ర కాదని, అటువంటి మనిషితో తాను పొలంలో పనిచేశానని 1937లో స్టైన్‌బెక్ న్యూయార్కు విలేకరికి చెప్పాడు. తన స్నేహితుని పనిలోనుండి తీసివేశాడన్న కోపంతో ఆ మనిషి ఒక మేస్త్రీని పంగలకర్రతో పొడిచి చంపాడట. అప్పటికి అతడు కాలిఫోర్నియాలో పిచ్చాసుపత్రిలో ఉన్నాడట. అనగా నిజమైన లెనీకి జార్జి తుపాకి తగలలేదు. జార్జి ఏ గతికి భయపడ్డాడో ఆ గతిలో బ్రతికే ఉన్నాడు. రచయితకు ఆ ముగింపు తెలుసు. తెలిసి, వేరొకటి వ్రాశాడు. దీనిని బట్టి ఆయన జార్జిని సమర్థించాడని కొందరు, ఆ కాలపు కూలీకి ఉన్న దారులు ఎంత ఇరుకైనవో చూపాడని కొందరు అంటారు. రెండవ మాటే సరియైనదిగా తోస్తుంది. జార్జి ముందు రెండే దారులున్నాయని మనం ఒప్పుకొంటాం. ఆ రెండిటినీ అక్కడ పెట్టినది జార్జి కాదని మరచిపోతాం.

ఈ మరుపు కథలలోనే ఆగితే ఫరవాలేదు. 2002లో అమెరికా సుప్రీంకోర్టు, బుద్ధి వికసించని దోషులకు మరణశిక్ష విధించరాదని తీర్పు చెప్పింది. ఎవరు అటువంటివారో నిర్ణయించే పని రాష్ట్రాలకు విడిచింది. 2004లో టెక్సాస్ రాష్ట్రపు అత్యున్నత క్రిమినల్ న్యాయస్థానం ఒక తీర్పులో, స్టైన్‌బెక్ లెనీ వంటివానికి మినహాయింపు ఉండాలని టెక్సాస్ పౌరులలో ఎక్కువమంది ఒప్పుకొనవచ్చునని వ్రాసి, ఆ పైన కొలతకు ఏడు ప్రశ్నలు ఏర్పరచింది. ఆ మనిషి పథకం వేయగలడా, నిజాన్ని దాచగలడా, తన మేలు కొరకు అబద్ధం చెప్పగలడా అన్నవి వాటిలో కొన్ని. ఈ చిన్న నవలికను శ్రద్ధగా చదివిన ఏ విద్యార్థియైనా ఇక్కడ చెయ్యి ఎత్తుతాడు. లెనీ చచ్చిన ఎలుకను జార్జి కంటపడకుండా దాచలేదా? తన చేతిలో చచ్చిన కుక్కపిల్లను గడ్డిలో కప్పిపెట్టి, చచ్చిపడి ఉండగా చూచానని జార్జికి చెబుదామా అని ఆలోచించలేదా? లెనీ పేరు చెప్పి తయారుచేసిన కొలతలో లెనీయే నెగ్గడం సందేహం.

2012లో ఆ రాష్ట్రంలో ఒక మనిషికి, పరీక్షలో బుద్ధి చాల తక్కువగా తేలినప్పటికీ, శిక్ష అమలయింది. అంతకు ముందు రచయిత కుమారుడు థామస్ స్టైన్‌బెక్ బహిరంగంగా నిరసన తెలిపాడు. తన తండ్రి లెనీని సృష్టించినది ప్రాణాలు తీసే కొలబద్దగా వాడుకోవడానికి కాదని, ఇది చూచి ఉంటే తండ్రి ఎంతో ఆగ్రహించి, సిగ్గుపడేవాడని ఆయన వేదన. 2017లో సుప్రీంకోర్టు మరొక కేసులో ఆ ఏడు ప్రశ్నల కొలతను త్రోసిపుచ్చింది. అవి వైద్యశాస్త్రం మీద గాక, లోకుల అపోహల మీద ఆధారపడినవని తేల్చింది. పదమూడు సంవత్సరాలు పట్టింది.

చదువరులలో ఎక్కువమంది దాటిపోయే ఒక చిన్న సన్నివేశం ఉన్నది. గడ్డికొట్టంలో ఆమె శవం ప్రక్కన కాండీ, జార్జి నిలబడి ఉన్నారు. ముసలివాడు, తన భయాలన్నిటిలో పెద్ద భయాన్ని పైకి అంటాడు: మనమిద్దరం ఆ చోటు కొనుక్కోవచ్చు గదా? జార్జి జవాబు చెప్పకముందే అతని తల వాలిపోతుంది. లెక్క వేసి చూడండి. ముగ్గురూ కలిసి నెలాఖరుకు కూడగట్టబోయినది 450 డాలర్లు. లెనీ జీతం తీసివేస్తే 400. తగ్గినది యాభై డాలర్లే. అయినా జార్జి, నెల జీతం తీసుకొని అందరు కూలీలవలెనే ఏదో ఊళ్ళో ఒక రాత్రిలో తగలేస్తానంటాడు. నేల పోలేదు, డబ్బు పోలేదు. అది చెబితే వినేవాడు పోబోతున్నాడు. జార్జికి ఆ పది ఎకరాల మీద తనంతట నమ్మకం ఎంత ఉండేదో, లెనీ కళ్ళలో చూచి ఎంత అరువు తెచ్చుకొన్నాడో ఈ ఒక్క చోట తెలుస్తుంది. వారి స్నేహంలో లెనీ భారం, జార్జి మోసేవాడు అని తేల్చిన చదువరులు ఈ పుటను మరొకసారి చూడవలసి ఉంటుంది.

తుపాకి పేలిన తరువాత అందరూ మడుగు దగ్గరకు వస్తారు. జార్జి, లెనీ చేతిలో పిస్తోలు ఉంటే లాక్కొని కాల్చానని కార్ల్‌సన్‌తో అబద్ధం చెబుతాడు. స్లిమ్ ఒక్కడు ఆ అబద్ధాన్ని నమ్మడు, ఖండించడు. జార్జిని చెయ్యి పట్టుకొని లేపి, కాస్త త్రాగుదాం రమ్మని రోడ్డు వైపు తీసుకొనిపోతాడు. కర్లీ, కార్ల్‌సన్ నిలబడి చూస్తూ ఉంటారు. వెళ్ళిపోతున్న ఆ ఇద్దరినీ చూచి, వీళ్ళ మనసును ఏమి తొలుస్తున్నదని కార్ల్‌సన్ కర్లీని అడుగుతాడు. పుస్తకం ఆ ప్రశ్న మీదనే ఆగిపోతుంది.